పెద్దవ్వ కిటికీకి కట్టిన ఎక్స్‌రే

పెద్దవ్వ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నా ముందు ఒక మనిషి ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు. జగిత్యాలలో ఒక ఛాతీ డాక్టరమ్మ దగ్గర ఎక్స్‌రేలు తీయడం నా పని. ఆయన గడ్డం పైకెత్తించి, రొమ్మును పలకకు ఆనించి, "గాలి పీల్చు, పట్టు" అన్నాను. మీట నొక్కాను. అంతలో ఫోను మోగింది. కోరుట్ల నుంచి పెద్దవ్వ పక్కింటామె. "పిల్లా, మీ పెద్దవ్వ పోయిందే" అన్నది. నేను గోడ వైపు తిరిగి నిలబడిపోయాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. వెనక నుంచి ఆ మనిషి, "మేడం, ఇగ ఇడువాల్నా?" అని నీరసంగా అడిగాడు. ఊపిరి వదలమని చెప్పడమే మరిచిపోయాను.

పెద్దవ్వ మా అమ్మకు అక్క. మా అమ్మానాన్నలు భివండీ మగ్గాల మీద పనికి పోయినప్పుడు నన్ను కోరుట్లలో ఆమె దగ్గర వదిలిపెట్టారు. ఆమె పెంచింది, ఆమె చదివించింది. ఒళ్లో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, పొగాకు నింపి బీడీలు చుడుతూ నా పాఠాలు అప్పజెప్పించుకునేది. తనకు అక్షరం రాదు. కానీ నేను ఎక్కడ తడబడ్డానో ఆమెకు తెలిసిపోయేది. "మల్ల సదువు, గాడ నీ గొంతు దిగింది" అనేది. ఆ పొగాకు దుమ్మే చివరికి ఆమె ఊపిరితిత్తులను తినేసింది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల ఓర్పు గురించీ క్షమాగుణం గురించీ రాయడం మర్యాద. మా పెద్దవ్వకు ఆ రెండూ లేవు. ఉన్నాయని రాస్తే లేచి వచ్చి నా చెవి మెలిపెడుతుంది. ఆమె ఒక మనిషి మీద పగ పట్టింది, పట్టిన పగను కడదాకా విడవలేదు. ఆ పగ చల్లారకుండా నేనూ చేతనైనంత చేశాను. అందుకు నాకేమీ సిగ్గు లేదు.

అసలు సంగతి చెబుతాను. ఆమె భర్త, మా పెద్దబాపు, పెగడపల్లి దగ్గర కల్లుగీతకు తాళ్లెక్కే ఇంట్లో పుట్టాడు. పెళ్లయిన కొత్తలో తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ మెడ కింద ఎడమ భుజానికి పోయే ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. అక్కడ రేగుపండంత గడ్డ ఉండేది. చొక్కా లేకుండా కూర్చుంటే స్పష్టంగా కనిపించేది. పెద్దవ్వ బీడీల కట్టలు కట్టి అలసిపోయినప్పుడు ఆయన పక్కన కూర్చుని ఆ గడ్డ మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా రాసేది. "నొప్పి పెడుతాందా?" అని అడిగేది. "నీకే నొప్పి లెక్కున్నది" అని ఆయన నవ్వేవాడు. వాళ్లిద్దరి మధ్య నేను చూసిన సరసం అంతే.

ఇక చెట్టెక్కలేక ఆయన సిరిసిల్ల పోయి మరమగ్గాల మీద కుదురుకున్నాడు. వారానికోసారి కోరుట్ల వచ్చేవాడు, వెంట్రుకల నిండా దూది పీచుతో. ఆ రోజుల్లో మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోతున్నాయి. ఆ సందుల్లో మగ్గాల చప్పుడు వినిపించని రోజున జనం ముఖాలు చూడలేకపోయేవాళ్లమని తర్వాత ఆయనే చెప్పాడు. పని పోయింది, దగ్గు మిగిలింది. అప్పుడే మా సందులోనే, మా ఇంటికి ఎదురుగా ఉండే గల్ఫ్ ఏజెంటు వచ్చి కూర్చున్నాడు. పెద్దబాపును అన్న అనేవాడు, పెద్దవ్వను వదినె అనేవాడు. "ఎన్నొద్దులు గిట్ల కూసుంటవే అన్నా? నేను తోలుత నడువు" అన్నాడు.

గల్ఫ్ పోవాలంటే ఛాతీ ఫోటో దిగాలి. మా దిక్కు ఎక్స్‌రేను ఫోటో అనే అంటారు. పెద్దబాపు ఫోటోలో కుడివైపు పైన మచ్చ కనబడింది. పనికిరాడన్నారు. సర్కారు దవాఖానాలో టీబీ అని గోలీలు మొదలుపెట్టారు. నెలల తరబడి విడవకుండా మింగాలన్నారు. మింగుతున్నాడు. దగ్గు కాస్త తగ్గింది, ఒంటికి తిండి పడుతున్నది. అలాగే ఉండనిస్తే ఇవాళ్టికీ బతికి ఉండేవాడు. ఈ మాట నేను కోపంతో అనడం లేదు, ఛాతీ దవాఖానాలో పనిచేసే మనిషిగా అంటున్నాను.

ఏజెంటు మళ్లీ వచ్చాడు. మెట్‌పల్లి తీసుకుపోయి ఇంకో ఫోటో తీయించాడు. మర్నాడు కవరు తెచ్చి పెద్దవ్వ చేతిలో పెట్టాడు. ఫోటో మీద పెద్దబాపు పేరు ఉంది. మచ్చ లేదు. తెల్లటి పక్కటెముకలు, మధ్యలో నల్లగా, శుభ్రంగా రెండు ఊపిరితిత్తులు. "సూసినవా వదినె, గోలీలు ఎంత మంచిగ పనిజేసినయో! ఇగ గా గోలీలు బంజెయ్యి. సామాన్ల దొరికితె ఆడికెల్లి వాపసు తోలుతరు" అన్నాడు. మచ్చ ఉన్న పాత ఫోటో ఎవరి కంటబడ్డా ఇబ్బందేనని దాన్ని తనే పట్టుకుపోయాడు.

మా ఇళ్లల్లో ఫోటోను నమ్మినట్టు దేవుణ్ణి కూడా నమ్మరు. మనిషి దగ్గుతూ ఉన్నా సరే, ఫోటో బాగుంటే రోగం పోయినట్టే. పెద్దవ్వ గోలీల డబ్బాను తన చేత్తోనే తీసి చూరు కింద దోపేసింది. ఏజెంటు ఇంటికి తీపి గరిజెలు చేసి పంపింది. అవి తీసుకుపోయి ఇచ్చింది నేనే. ఏజెంటు ఒకటి అక్కడే నోట్లో వేసుకొని, "మీ పెద్దవ్వ చేతుల మంచి రుచి ఉన్నది" అన్నాడు.

పెద్దబాపు పోయాడు. అక్కడ చెప్పిన కంపెనీ లేదు, చెప్పిన పని లేదు. కాగితాలు లేకుండా తప్పించుకు తిరిగేవాళ్లను ఖల్లివెల్లి అంటారు, మావాళ్లందరికీ తెలిసిన మాటే. ఆయన ఖల్లివెల్లి అయ్యాడు. దవాఖానాకు పోతే పట్టిస్తారని భయం. ఫోనులో మాటకంటే దగ్గు ఎక్కువ వినిపించేది. తర్వాత ఫోను కూడా రాలేదు. పెట్టె వచ్చింది.

పెట్టె తెరిచి ముఖం వరకే చూపించారు. పెద్దవ్వ గుడ్డ కింద చెయ్యి పెట్టబోయింది, ఆ గడ్డను ఒకసారి తాకాలని. ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. ఆ పట్టుకున్నది ఏజెంటే. అన్న పోయాడని అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా అతనే.

తర్వాత కొన్నేళ్లకు నేను ఎక్స్‌రే కోర్సులో చేరాను. సెలవులకు కోరుట్ల వచ్చి, చదివింది చూపించుకోవాలన్న ఉబలాటంతో ఏజెంటు ఇచ్చిన నాటి నుంచీ గోడకే వేలాడుతున్న ఆ ఫోటో కవరు దించాను. కిటికీ వెలుగుకు పట్టి పెద్దవ్వకు ఒక్కొక్కటే చెప్పసాగాను. ఇది గుండె, ఇది పక్కటెముక, ఇదిగో మెడ కింద భుజానికి పోయే ఎముక. బీడీ చుట్టే చేతులు ఆగిపోయాయి.

"గది ఏ దిక్కు బుజం?"

"ఎడమది పెద్దవ్వా."

"మరి సక్కగున్నదేందే?"

నేను మళ్లీ చూశాను. రెండువైపులా ఎముకలు వెదురు పుల్లల్లా నున్నగా ఉన్నాయి. ఎక్కడా విరిగిన జాడ లేదు, అతుకు లేదు. అతికిన ఎముక ఫోటోలో దాగదు. అది పెద్దబాపు ఛాతీ కాదు. ఎవడో దిట్టంగా ఉన్న మనిషి ఫోటో మీద ఆయన పేరు రాశారు. చాటలో పొగాకు అలాగే ఉండగా పెద్దవ్వ లేచి చూరు కింద నుంచి గోలీల డబ్బా తీసింది. మూత తీసి లోపలికి చూసింది. మళ్లీ మూత పెట్టింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఎదురింటికి పోయింది.

ఏజెంటు వాకిట్లో కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు. పెద్దవ్వ ఫోటో అతని ముఖం ముందు పట్టింది. "గిది ఎవనిది?" అంది. అతను గొణిగాడు, గదమాయించాడు, చివరికి నవ్వాడు. "కాలిపోయిన బొక్కలకు సాక్ష్యం ఎవడిస్తడు వదినె?" అన్నాడు. ఆ నవ్వు నేను చూశాను. అందుకే ఇవాళ ఇలా రాస్తున్నాను.

ఠాణాకు పోతే అది నేరమని ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు పెద్దవ్వ ఆ ఫోటోను ఏజెంటు ఇంటివైపు ఉన్న కిటికీ ఊచలకు బీడీల దారంతో కట్టింది. రోజూ దీపాలు పెట్టే వేళకు దాని వెనకాల బల్బు వేసేది. సందులో పోయేవాళ్లందరికీ ఎవరివో పక్కటెముకలు మెరుస్తూ కనబడేవి. పాస్‌పోర్టు చేతపట్టుకుని ఏజెంటు ఇంటికి వచ్చేవాళ్లను గుమ్మంలో కూర్చుని పిలిచేది. "గిటు రా కొడుకా. ఒక ఫోటో సూసి పో." చూపించి, మొత్తం చెప్పి, "నీ ఫోటో నీదేనా కాదా, జగిత్యాలల మా పిల్ల ఉన్నది, ఒకపారి పోయి దిగు" అనేది. అలా ఆమె పంపినవాళ్లలో కొందరికి నిజంగానే మచ్చలు బయటపడ్డాయి. మందులు వాడి, నయమయ్యాకే పోయారు. ఏజెంటు గిరాకీ మాత్రం తిరిగి లేవలేదు.

కులపెద్దలను పంపాడు. డబ్బిస్తానన్నాడు. బెదిరించాడు. వాళ్లావిడ వచ్చి కాళ్లు పట్టుకుంది. పెద్దవ్వ అందరికీ ఒకటే చెప్పింది. "నా మొగని ఫోటో నాకు తెచ్చియ్యి, గీ పరాయోనిది ఇప్పి ఇస్త." ఆయన వంకర ఎముక ఉన్న బొమ్మ ప్రపంచంలో ఏజెంటు పట్టుకుపోయిన ఆ పాత ఫోటో ఒక్కటే. దాన్ని ఏజెంటు ఏ పొయ్యిలో వేశాడో అతనికైనా గుర్తుందో లేదో. లేదని తెలిసే అడిగేది. చివరికి ఏజెంటు తన కుర్చీని సందుకు వీపు పెట్టి, గోడకు ముఖం పెట్టి వేసుకోవడం మొదలుపెట్టాడు. గోడను చూస్తూ చాయ్ తాగే మనిషిని చూస్తే నా కడుపు నిండిపోయేది.

ఈ మధ్యకాలంలో మా డాక్టరమ్మ ఒక పరిశోధన మొదలుపెట్టింది. సిరిసిల్ల మగ్గం పనివాళ్లకు, కోరుట్ల బీడీల ఆడవాళ్లకు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లకు ఛాతీ ఎలా ఉంది, నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోంది అన్నది దాని విషయం. గురక పెడుతూ పెడుతూ కొందరికి ఊపిరి ఆగిపోతుంది. మళ్లీ ఉలిక్కిపడి అందుకుంటారు. తెల్లవారి వాళ్లకు ఏమీ తెలియదు. పక్కనున్నవాళ్లు చెప్పాలి. అదలాగే వదిలేస్తే గుండె చెడుతుంది, నిద్రలోనే పోయినా పోవచ్చు. రొమ్ము చుట్టూ పట్టీ, వేలికి ఒక క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం పెట్టి పడుకోబెట్టి, పొద్దున ఆ గీతలు చదువుతాం.

కోరుట్లలో శిబిరం పెట్టిన రోజు పెద్దవ్వే మొదట వచ్చింది. పరిశోధనలో పేర్లు బయటపెట్టరని, మనిషికొక నంబరు ఇస్తారని డాక్టరమ్మ చెప్పగానే గొడవకు దిగింది.

"పేరు లేకపోతె ఎవని రొమ్మో ఎట్ల ఎరుకైతది?"

"మా దగ్గర రాసి ఉంటుందమ్మా, తారుమారు కాదు" అంది డాక్టరమ్మ.

"రాసుడేంది? గా ఫోటో మీద గూడ పేరు రాసే ఉన్నది. మనిషిని ముట్టి సూడుండ్రి."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. ఎందుకంటే అప్పటికే నేను చేసేది అదే. ఎక్స్‌రే తీసే ముందు ప్రతి మనిషి మెడ కింది ఎముకను రెండువైపులా వేలితో తడిమి, పేరు వాళ్ల నోటితోనే చెప్పించుకుంటాను. కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

ఆ మర్నాడే అసలు విచిత్రం జరిగింది. పెద్దవ్వ ఏజెంటును వెంటబెట్టుకొని శిబిరానికి వచ్చింది. అతను బాగా లావయ్యాడు, మెడ లేదు, కళ్ల కింద సంచులు. వెనకాల అతని కొడుకు; తండ్రి గురకకు భయపడి రమ్మని ఒప్పించింది అతనేనట. పెద్దవ్వ ఆయాసపడుతూనే డాక్టరమ్మతో, "గీనికి ఊపిరి ఆగుతాందమ్మా. పగటీలి కుర్సీల పండుతడు, గురక పెడుతడు, నడుమల సప్పుడు బందైతది. మల్ల బర్రె లెక్క ఎగపోస్తడు. నేను రోజు సూస్తున్న" అంది. తన గుమ్మంలో కూర్చుని, బీడీలు చుడుతూ, శత్రువు ఊపిరి ఎప్పుడు ఆగుతోందో గమనిస్తూ ఉండిపోయిందన్నమాట.

నాకు ఒళ్లు మండింది. పక్కకు లాగి అడిగాను. "నీకేమన్న మతిపోయిందా పెద్దవ్వా? పోతే పోనియ్యరాదు!"

ఆమె నన్ను జాలిగా చూసింది. "పిచ్చిదానా, నిద్దట్ల సల్లగ పోనిస్తనా వాన్ని? మీ పెద్దబాపు దగ్గి దగ్గి సచ్చిండు. గీడు మెత్తటి పరుపు మీద ఎరుక లేకుంట పోతె నాకేం మిగుల్తది? వాడు బతకాలె. మంచిగ పండాలె, పొద్దుగాల లేవాలె. లేసి నా కిటికి సూడాలె."

అతనికి ఎక్స్‌రే నేనే తీశాను. భుజాల దగ్గర వేళ్లు పెట్టినప్పుడు చర్మం చల్లగా, చెమటగా తగిలింది. "గాలి పీల్చు, పట్టు" అన్నాను. వదలమని చెప్పడానికి, నిజం చెప్పాలంటే, కాస్త ఆలస్యం చేశాను. అతని ఫోటో తడి ఆరకముందే అన్నట్టు పెద్దవ్వ తన కొంగు కింద నుంచి ఆ పాత ఫోటో తీసింది. కిటికీ నుంచి విప్పి తెచ్చింది. రెండూ వెలుగు పలక మీద పక్కపక్కన పెట్టించింది. డాక్టరమ్మ ముందు, కొడుకు ముందు అడిగింది. "ఇప్పుడు చెప్పు. గిది నీది. మరి గది ఎవనిది?"

అతను చాలాసేపు చూశాడు. అబద్ధం చెప్పే ఓపిక కూడా పోయినట్టుంది. "ఎవనిదో వదినె. దొరికింది పెట్టిన. యాదికి లేదు" అన్నాడు. కొడుకు తండ్రి వైపు చూసి, వెంటనే బయటికి వెళ్లిపోయాడు.

ఒప్పుకున్నాడు కదా, ఇక పెద్దవ్వ మనసు చల్లబడుతుందనుకున్నాను. ఇంటికి వచ్చి ఆమె కొత్త దారంతో ఆ ఫోటోను మళ్లీ కట్టింది. ముడులు ఇంతకుముందుకంటే గట్టిగా వేసింది. "యాదికి లేదట" అంది. రోజంతా అదే మాట తనలో తాను అనుకుంటూ ఉంది.

ఏజెంటుకు పరీక్షలో గీతలు ఘోరంగా వచ్చాయి. రాత్రిపూట ముక్కుకు పెట్టుకుని పడుకునే మాస్కు, గాలి మిషను రాశారు. అప్పటి నుంచి పెద్దవ్వకు పొద్దున్నే ఒక పని దొరికింది. ఏజెంటు వాకిట్లోకి రాగానే అతని చెంపల మీద మాస్కు పట్టీల గుర్తులు ఉన్నాయో లేదో చూసేది. లేకపోతే సందంతా వినబడేలా అరిచేది. "ఏజెంటూ! రాత్రి పెట్టుకోలేదా? సద్దామనుకున్నవా?" ఊరంతా ఆమె మనసు కరిగిందనీ, పగవాణ్ణి కూడా కాచుకునే తల్లి అనీ చెప్పుకుంది. ఆమె కాదనేది కాదు. నా వైపు చూసి కన్ను గీటేది.

చివరి రోజుల్లో రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకునేది. నేను ప్రాణవాయువు గొట్టం సర్దుతుంటే ఒకసారి నా మణికట్టు పట్టుకుంది. "నేను పోతె గా ఫోటో నాతోని పెట్టకుండ్రి."

"ఎందుకే?"

"పరాయోని రొమ్ము పక్కన పెట్టుకొని మీ పెద్దబాపు కాడికి ఎట్ల పోత?" అంది. నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక తన బొటనవేలితో నా మెడ కింది ఎముకను రాసింది, అది ఎవరిదో చూసుకుంటున్నట్టు. ఆమె నాతో మాట్లాడింది అదే ఆఖరు.

ఆమెకు ఎంత రుణపడ్డానో చెప్పడానికి నాకు మాటలు రావు. చేతనైంది చెబుతాను. జగిత్యాలలో నా గదిలోకి వచ్చిన ఏ మనిషి ఛాతీ కూడా ఇంకో మనిషి పేరుతో బయటికి పోలేదు. అది ఆమె పెట్టిన భిక్ష.

మూడోరోజు పిట్టకు పిండం పెట్టి వచ్చాక, ఏజెంటు కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. మంచివాడే, తండ్రి పాపం అతనికి అంటగట్టను. "అక్కా, పెద్దవ్వ పోయింది. మా బాపు గూడ ఎన్నొద్దులుంటడో ఎరుకలేదు. ఇగ గా ఫోటో తీసెయ్యరాదు" అన్నాడు. చుట్టాల్లో పెద్దవాళ్లు కూడా అవునన్నారు, పోయిన మనిషితోనే కోపాలు పోవాలన్నారు.

"తీస్త తమ్మీ" అన్నాను. "మా పెద్దబాపు ఫోటో తెచ్చియ్యుండ్రి. తెచ్చిన గడియల తీస్త."

అతను వెళ్లిపోయాడు. నేను తడిగుడ్డతో ఆ ఫోటో మీద పేరుకున్న పొగాకు దుమ్ము తుడిచాను. ముడులు సరిచూశాను. అప్పుడు ఊచల సందులోంచి ఎదురింటి వాకిలి కనబడింది. ఏజెంటు కుర్చీలో కూర్చున్నాడు. ఇన్నేళ్లూ గోడవైపు ఉన్న కుర్చీ సందువైపుకు తిరిగి ఉంది. చెంపల మీద పట్టీల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. చాయ్ కప్పు పట్టుకుని, వచ్చేపోయేవాళ్లను తీరిగ్గా చూస్తున్నాడు.

దీపాలు పెట్టే వేళైంది. నేను లోపలికి పోయి ఫోటో వెనకాల బల్బు వేశాను. ఊరూ పేరూ తెలియని ఆ మనిషి పక్కటెముకలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. అటువైపు నుంచి కుర్చీ కాళ్లు బండల మీద గీసుకుంటూ మెల్లగా గోడవైపుకు తిరగడం వినిపించింది.